గూడ్స్ ఇంజిన్ బలం హార్స్ పవర్ల ఉన్నదా, కింది బోగీల ఉన్నదా?

దామరచర్ల_గేటు
ఎక్కడ చూసినా ఒకటే ముచ్చట. ఈ ఇంజిన్ ఆరు వేల హార్స్ పవర్, ఆ ఇంజిన్ పన్నెండు వేలు. కింద చక్రాల కాడ ఏం జరుగుతదో చెప్పెటోడు ఒక్కడు లేడు. మా దిక్కు విష్ణుపురం మీదికెళ్లి యాదాద్రి పవర్ ప్లాంటు బొగ్గు రేకులు, సిమెంటు రేకులు (రేకు అంటే వ్యాగన్ల వరుస, పూర్తి గూడ్సు బండి) పోతుంటయి, గేటు కాడ నిలబడి చూస్తుంట. పోయిన వానాకాలం ఓ లోడు బండి ఎక్కుడు మీద ఆగింది. మళ్ల కదలాలంటే మస్తు తిప్పలు పడ్డది. ఇంజిన్ గుర్రుమంటున్నది, చక్రాలు గిర్రున తిరుగుతున్నయి, బండి మాత్రం జరుగుతలేదు. పవరైతే ఉన్నది కదా, మరి ఎందుకు జారింది?

ఇంకోటి. ఆరు వేల గూడ్స్ ఇంజిన్ వాగ్-9 కింద మూడిరుసుల బోగీలు రెండు. పన్నెండు వేల వాగ్-12 కింద రెండిరుసుల బోగీలు నాలుగు. బలం ఎక్కువ కావాలంటే పెద్ద బోగీ వెయ్యాలె గాని చిన్నది ఎందుకు వేసిండ్రు? (బోగీ అంటే ఇక్కడ ప్యాసింజర్ పెట్టె కాదు. ఇంజిన్ కింద చక్రాలు, మోటార్లు పట్టుకుని ఉండే చట్రం.) తెలిసినోళ్లు పూర్తిగ చెప్పుండ్రి.

చిట్యాల_చిన్న
ఆ గుర్రుమనుడు విననోడు మన లైన్ల ఎవ్వడు లేడు. జవాబు కోసం నేను గూడ ఎదురుచూస్తున్న.

పాలమూరు_కుర్రోడు
పవర్ వేరు, లాగుడు బలం వేరు అన్నా. బండి కదిలేటప్పుడు పవర్ లెక్కకు రాదు. చక్రం పట్టాను ఎంత గట్టిగ పట్టుకుంటదన్నదే ముఖ్యం. ఆ పట్టు చక్రాల మీద పడే బరువును బట్టి ఉంటది.

వాగ్-9 బరువు 123 టన్నులు, మొదటి లాగుడు 460 కిలోన్యూటన్లు, అంటే 47 టన్నులు. తన బరువుల 38 శాతం. వాగ్-12 బరువు 180 టన్నులు, లాగుడు 706 కిలోన్యూటన్లు, 72 టన్నులు. 40 శాతం. చూడు, హార్స్ పవర్ రెండింతలైంది, లాగుడు మాత్రం ఒకటిన్నర రెట్లే పెరిగింది. బరువు గూడ సుమారు ఒకటిన్నర రెట్లే.

మరి పవర్ ఎక్కడ పనికొస్తదంటే, వేగంల. వాగ్-9 పవర్ 4500 కిలోవాట్లు. దాన్ని 460తోటి భాగిస్తే సెకనుకు 9.8 మీటర్లు, గంటకు 35 కిలోమీటర్లు. ఆ వేగం దాకా హద్దు పెట్టేది పట్టా మీది పట్టు. అది దాటినంక హద్దు పెట్టేది పవర్.

దామరచర్ల_గేటు
మా కాడ ఆగిన బండికి ఈ లెక్క కట్టి చూపియ్యి తమ్మి.

పాలమూరు_కుర్రోడు
అక్కడ ఎక్కుడు ఎంతో నాకు తెల్వది గనక వందకు ఒకటి, అంటే వంద మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు అనుకుందాం. బొగ్గు నింపిన బాక్సెన్ వ్యాగన్ 81 టన్నులు. అట్లాంటివి 58 అంటే 4700 టన్నులు. వందకు ఒకటి ఎక్కుడు మీద ఈ బండి వెనక్కి గుంజే బలమే 47 టన్నులు. వాగ్-9 లాగుడు గూడ 47 టన్నులు. చక్రాల నిరోధం, బేరింగుల నిరోధం ఇంకా కలపలేదు. ఇగ ఏం కదులుతది? అదే రెండు వందలకు ఒకటి ఎక్కుడైతే వెనక్కి గుంజేది 23.5 టన్నులే, లాక్కుపోతది.

పాత_లోకో_పైలట్
పాలమూరు అబ్బాయి లెక్క సరిగ్గనే ఉన్నది. కాని ఆ 38 శాతం పొడి పట్టా మీది మాట. నా సర్వీసు చాలావరకు కాజీపేట, బెజవాడ మధ్య గూడ్సుల మీదనే గడిచింది. మేం భయపడేది పెద్ద వానకు కాదు. పెద్ద వాన పట్టాను కడిగేస్తది. అసలు తిప్పలు సన్న తుంపరతోటి. పట్టా మీద ఉన్న నూనె, దుమ్ము, బొగ్గు పొడి కలిసి జారుడు పేస్టులెక్క అయితది. అప్పుడు ఏ ఇంజిన్ పుస్తకంల ఏ శాతం రాసి ఉన్నా పనికిరాదు.

దామరచర్ల బాబు చూసిన బండి పాత రకం ఇంజిన్ అయి ఉంటే ఇంకో సంగతి గూడ ఉన్నది. వాగ్-5, వాగ్-7లల్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద ట్యాప్ చేంజర్ ఉంటది, మేం జీఆర్ అంటం. 32 నాచులు, అంటే మెట్లు. ఒక్కో నాచు ఎక్కిస్తే మోటార్లకు వోల్టేజీ ఒక్కసారి పెరుగుతది, లాగుడు గూడ ఒక్క దెబ్బన పెరుగుతది. జారే అంచు మీద ఉన్నప్పుడు ఆ ఒక్క నాచే చక్రాన్ని తిప్పేస్తది. అందుకే ఒక నాచు ఎక్కించి, యాంపియర్ మీటర్ చూసి, ముల్లు కిందికి వచ్చినంక ఇంకోటి ఎక్కించాలె. తొందరపడ్డోని బండి ఆడనే ఉంటది. వాగ్-9ల థ్రాటిల్ నున్నగ పెరుగుతది, ఈ దెబ్బలుండయి.

బెజవాడ_బండి
బరువు, బరువు అంటున్నారు గానీ ఒక లెక్క చూడండి. వాగ్-5 బరువు 118.8 టన్నులు, లాగుడు 33.5 టన్నులు. వాగ్-7 బరువు 123 టన్నులు, లాగుడు 42 టన్నులు. బరువు నాలుగు శాతం కూడా పెరగలేదు. లాగుడేమో పాతిక శాతం పెరిగింది. ఒకే కాలపు డీసీ మోటార్లు, ఒకే ట్యాప్ చేంజర్ పద్ధతి. బరువే అన్నీ తేలిస్తే ఈ తేడా ఎక్కడిది?

పాలమూరు_కుర్రోడు
మోటార్లు గూడ మారినయి కదా. వాగ్-7 5000 హార్స్ పవర్, వాగ్-5 3850.

బెజవాడ_బండి
ఇప్పుడే కదా తమ్ముడూ, కదిలేటప్పుడు పవర్ లెక్కకు రాదని రాశావు?

చిట్యాల_చిన్న
బెజవాడ అన్న నాచు ఎక్కించిండు. పాలమూరు చక్రం జారకుండ చూసుకో.

గద్వాల_రేవతి
నేను మెకానికల్ పాఠాలు చెప్తాను. బెజవాడ బండి అడిగిన ప్రశ్నలోనే ఈ చర్చకు అసలు జవాబు ఉంది.

లోడు ట్రాలీని ట్రాక్టర్ లాగుతుంటే ముందు చక్రాలు తేలికపడటం మన దగ్గర అందరూ చూసిందే. ఇంజిన్‌కూ అంతే. చక్రాలు లాగేది పట్టా దగ్గర. బండి బరువు వెనక్కి గుంజేది కప్లింగ్ (ఇంజిన్‌ను వ్యాగన్లతో కలిపే కొక్కెం) ఎత్తున, అంటే పట్టాకు మీటరుకు పైన. ఈ ఎత్తు తేడా వల్ల ఇంజిన్ మొత్తం వెనక్కి ఒరగాలని చూస్తుంది. ముందు బోగీ తేలికపడుతుంది, వెనక బోగీ మీద బరువు పెరుగుతుంది. ప్రతి బోగీలోనూ మళ్లీ ఇదే జరుగుతుంది. ముందు ఇరుసు తేలిక, వెనక ఇరుసు బరువు. 123 టన్నుల ఇంజిన్‌కు ఆరు ఇరుసుల మీద తలా 20.5 టన్నులు అనేది నిలబడి ఉన్నప్పటి లెక్కే. లాగేటప్పుడు అన్నిటికంటే ముందున్న ఇరుసుకు అంత మిగలదు. అదే ముందు జారుతుంది. అది జారితే దాని వాటా మిగతా ఐదింటి మీద పడుతుంది, తర్వాత ఇంకోటి జారుతుంది.

కాబట్టి మొత్తం బరువు చూస్తే సరిపోదు. అన్నిటికంటే తేలికగా ఉన్న ఇరుసు మీద ఎంత బరువు మిగిలిందో చూడాలి. దాన్ని కాపాడేదే బోగీ. వాగ్-5కు, వాగ్-7కు తేడా అక్కడే ఉంది.

షెడ్డు_మనిషి
రేవతి మేడం చెప్పిందానికి షెడ్డుల కనిపించేది కలుపుతా. ఎలక్ట్రిక్ లోకో షెడ్డుల పని చేస్తా.

వాగ్-5 కింద ఉండేది ట్రైమౌంట్ బోగీ. అమెరికా ఆల్కో వాళ్ల డిజైను, మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ కింద వచ్చింది. అదే బోగీ ఎలక్ట్రిక్ ఇంజిన్ల కిందికి గూడ తెచ్చిండ్రు. పోత ఉక్కు చట్రం, మూడు చోట్ల ఇంజిన్ బరువు మోస్తది, అందుకే ఆ పేరు. పక్క నుంచి చూస్తే ఇరుసుల మధ్య దూరం సమానంగ ఉండదు. ఎందుకంటే లోపల మోటార్లన్నీ ఒకే దిక్కు చూడవు. గట్టి బోగీ, ఎంత మోటు వాడకానికైన తట్టుకుంటది. కాని బరువు ఇటటు పోవుడు ఎక్కువ.

వాగ్-7కు వచ్చేసరికి హై అడ్హెషన్ బోగీ, అంటే పట్టు ఎక్కువుండే బోగీ. పలకలు వెల్డింగ్ చేసిన చట్రం, మోటార్లన్నీ ఒక్క దిక్కుకే. ఇరుసు మీద వేలాడే మోటారుకు ఒక కొస ఇరుసు మీద, ఇంకో కొస చట్రం మీద ఆనుతది. ఆ చట్రం మీద ఆనేదాన్ని ముక్కు అంటం. మోటారు తిప్పినప్పుడు ముక్కు చట్రాన్ని పైకో కిందికో నెడుతది. మూడు ముక్కులు మూడు తీర్ల నెడితే ఇరుసుల బరువు ఇంకా గడబిడ అయితది. అన్నీ ఒక్క తీరుగ ఉంటే ఆ నెట్టుడునే బోగీ ఒరుగుడుకు అడ్డంగ వాడుకోవచ్చు. నాలుగు శాతం బరువుతోటి పాతిక శాతం లాగుడు ఇట్లనే వచ్చింది.

దామరచర్ల_గేటు
ఇదీ నాకు కావాల్సిన జవాబు! వాగ్-9ల ఇంకేం చేసిండ్రు అన్నా?

షెడ్డు_మనిషి
వాగ్-9 బోగీ స్విట్జర్లాండ్ ఏబీబీ కంపెనీ డిజైనుతోటి వచ్చింది. 1996ల మొదటి ఇంజిన్లు అక్కడ తయారయి వచ్చినయి, 1998 నుంచి పశ్చిమ బెంగాల్ల ఉన్న ఇంజిన్ల ఫ్యాక్టరీ చిత్తరంజన్‌ల కడుతున్నరు. దాంట్ల బోగీ ఇంజిన్ పెట్టెను లాగేది నడిమిట్ల ఉండే పెద్ద పిన్నుతోటి కాదు. కింద, పట్టాకు దగ్గర్ల ఉండే ఒక వాలు కడ్డీతోటి. కడ్డీ ఎంత కిందికి ఉంటే ఒరుగుడు అంత తక్కువ. పైన కాయిల్ స్ప్రింగులు ఇంజిన్ బరువును మోస్తయి గాని లాగుడుతోటి వాటికి సంబంధం లేదు. మోసే పని ఒకటి, లాగే పని ఒకటి వేరు చేసిండ్రు.

తర్వాత అదే ఇంజిన్‌కు అదనపు బరువు వేసి 132 టన్నులు చేసిండ్రు, వాగ్-9హెచ్. లాగుడు 500 కిలోన్యూటన్లు దాటింది. వాళ్లు గూడ బరువు విషయంల పాలమూరు తమ్మి మాట విన్నట్టే.

మిర్యాలగూడ_మిల్లు
నాకు ఇంజిన్ల సంగతి పెద్దగ తెల్వది. బియ్యం రేకు ఎక్కించుడు, అది టైముకు పోవుడు, ఇదే నా పని. సింగిల్ లైన్ మీద ఒక గూడ్సు జారి ఆగితే వెనక వచ్చేవన్నీ ఆగుతయి. కాబట్టి ఈ ముచ్చట మాకు గూడ కావాలె. రాయుండ్రి, చదువుతున్న.

పాతబండ్ల_ప్రేమికుడు
అందరూ ఆల్కో నుంచి మొదలుపెట్టారు. నేను ఇంకా వెనక్కి తీసుకెళ్తాను.

మన దేశంలో సరుకు రవాణా కోసం వచ్చిన తొలి పెద్ద కరెంటు ఇంజిన్ జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే ఈఎఫ్/1. 1928 నాటిది, బొంబాయి దగ్గరి ఘాట్ల కోసం. 1500 వోల్టుల డీసీ. తర్వాత దానికి డబ్ల్యూసీజీ-1 అని పేరు పెట్టారు. స్విట్జర్లాండ్ 1919లో గోథార్డ్ కొండల కోసం తెచ్చిన క్రొకోడైల్ ఇంజిన్ వంశమే. ముందూ వెనకా పొడుగాటి ముక్కులు, మధ్యలో క్యాబు. అక్కడి సిబ్బంది దాన్ని ఖేక్డా అనేవారు, ఎండ్రకాయ అని. ఒకటి ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది.

దాంట్లో మోటార్లు ఇరుసుల మీద ఉండవు. అప్పటి మోటార్లు చాలా పెద్దవి, చక్రాల మధ్య పట్టవు. అందుకని పైన ఉంచి, అక్కడి నుంచి కడ్డీలతో చక్రాలు తిప్పేవారు, ఆవిరి ఇంజిన్ పద్ధతిలోనే. కడ్డీలతో కలిపిన చక్రాల్లో ఒకటి విడిగా జారలేదు, జారితే అన్నీ కలిసే జారాలి. పట్టు విషయంలో అది గొప్ప గుణం.

పాతబండ్ల_ప్రేమికుడు
ఇంకో సంగతి. ఈ రోజు వాగ్-9 కింద ఉన్నట్టు మోటారును సగం ఇరుసు మీద, సగం చట్రం మీద ఆనించే పద్ధతి 1888 నాటిది. అమెరికాలోని రిచ్‌మండ్ ట్రాముల కోసం ఫ్రాంక్ స్ప్రేగ్ అలా బిగించాడు. మోటారు సగం బరువు స్ప్రింగుల సాయం లేకుండా నేరుగా పట్టా మీద పడుతుందన్నది దాని లోపం. గంటకు 100 కిలోమీటర్లు పోయే గూడ్స్‌కు అది చెల్లుతుంది. 160 పోయే ప్యాసింజర్ ఇంజిన్ వాప్-5కు చెల్లదు, దానికి మోటార్లు పూర్తిగా చట్రానికే కట్టారు. స్ప్రేగ్ పద్ధతి మోటారునైతే తేలిగ్గా విప్పి బిగించొచ్చు, ఖర్చు తక్కువ. అందుకే గూడ్స్‌లో ఇప్పటికీ అదే పద్ధతి.

బెజవాడ_బండి
కడ్డీలు పోయాక ఆ గుణం కూడా పోయింది కదా, ప్రతి ఇరుసుకూ విడి మోటారు వచ్చాక?

పాతబండ్ల_ప్రేమికుడు
పోకుండా ఫ్రెంచివాళ్లు ఒక ప్రయత్నం చేశారు, అది మన దగ్గరకూ వచ్చింది. 25 వేల వోల్టుల ఏసీ పద్ధతిని మనం 1957లో ఫ్రాన్స్ అనుభవం చూసే తీసుకున్నాం. వాళ్లు 1954లో ఈశాన్య ఫ్రాన్స్ గూడ్స్ లైను వలాన్సియెన్-థియాన్‌విల్‌ను దాంతో నడిపి చూపించారు. మన చిత్తరంజన్‌లో తయారైన మొదటి ఏసీ ఇంజిన్ వాగ్-1, 1963 నవంబరులో బయటికొచ్చింది, పేరు బిధాన్. దాని బోగీలో రెండు ఇరుసులకు కలిపి ఒకటే మోటారు. పళ్లచక్రాలతో రెండూ కలిపి ఉంటాయి. రేవతి గారు చెప్పిన ముందు ఇరుసు తేలికపడే బాధ ఆ బోగీ లోపల లేదు. ముందుది తేలికైనా వెనకదాని పట్టు దాన్ని జారనివ్వదు. నాలుగిరుసులతో 2900 హార్స్ పవర్. తర్వాత 1966 నుంచి వచ్చిన వాగ్-4 కూడా నాలుగిరుసులదే, 3150. నా దృష్టిలో మన దేశంలో వచ్చిన బోగీలన్నిట్లో అందమైన ఆలోచన అదే. వదిలేయాల్సింది కాదు.

షెడ్డు_మనిషి
పైనున్న మాట ఒప్పుకోను. అందమైన ఆలోచనే, కాని షెడ్డు బాధ వేరే. రెండు ఇరుసులు పళ్లచక్రాలతోటి కట్టి ఉంటే నాలుగు చక్రాల సైజు దాదాపు ఒక్కటే ఉండాలె. ఒకటి కొంచెం అరిగితే అది లోపల్లోపల జారుకుంటనే తిరుగుతది. చక్రం అరుగుతది, పళ్లచక్రాల మీద అనవసరపు ఒత్తిడి పడుతది. ఒక చక్రం చెక్కాలంటే నాలుగూ చెక్కాలె. మోటారు పోతే సగం ఇంజిన్ పోయినట్టే. ఆరు మోటార్ల ఇంజిన్‌ల ఒకటి పోతే దాన్ని తప్పించి ఐదింటితోటి బండిని ఒడ్డుకు చేర్చొచ్చు.

ఈ చక్రం సైజు లొల్లి వాగ్-9ల గూడ ఉన్నది, వేరే రూపంల. కొత్త చక్రం 1092 మిల్లీమీటర్లు, 1016 దాకా అరగనిస్తం. ఒక బోగీల మూడు మోటార్లకు కలిపి ఒకటే ఇన్వర్టర్ కరెంటు ఇస్తది. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతది కాబట్టి దాని మోటారు తక్కువ లాగుతది, పెద్ద చక్రం మోటారు మీద భారం పడుతది. అందుకే బోగీల మూడు ఇరుసులు దగ్గర దగ్గర సైజులనే ఉంచుతం.

గద్వాల_రేవతి
షెడ్డు మనిషి ఇన్వర్టర్ మాట ఎత్తారు కాబట్టి ఒక్క మాట. మూడు ఫేజుల మోటారు వేగం దానికిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటుంది. చక్రం జారి కొంచెం వేగం పెరగగానే లాగుడు దానంతట అదే పడిపోతుంది, చక్రం మళ్లీ పట్టా అందుకుంటుంది. పాత డీసీ సిరీస్ మోటారు అలా కాదు. లోడు తగ్గితే ఇంకా వేగం అందుకుంటుంది. రెండు మోటార్లు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటే, జారేది రెండోదాని వోల్టేజీ కూడా గుంజుకుని మరింత జారుతుంది. వాగ్-5కు 28 శాతం, వాగ్-7కు 34, వాగ్-9కు 38. ఈ మెట్లలో మొదటిది బోగీ పుణ్యం, రెండోదాంట్లో బోగీ, మోటారు కలిసి పంచుకున్నాయి.

దామరచర్ల_గేటు
నా రెండో ప్రశ్న మిగిలే ఉన్నది. వాగ్-12కు చిన్న బోగీలెందుకు?

పాలమూరు_కుర్రోడు
దీనికి గూడ బరువు లెక్కనే అన్నా. పట్టా మోసేది ఇరుసుకు 22.5 టన్నులనుకో. ఆరు ఇరుసులంటే 135 టన్నులు. 40 శాతం పట్టు వచ్చినా 54 టన్నుల లాగుడే, అంతకుమించి రాదు. 72 కావాలంటే 180 టన్నులుండాలె, అంటే ఎనిమిది ఇరుసులు. ఎనిమిదింటిని ఒక్క పెట్టె కింద వేసి వంకల్ల తిప్పుడు కష్టం. అందుకే రెండు పెట్టెలు, ఒక్కో పెట్టె కింద రెండేసి బోగీలు, ఒక్కో బోగీకి రెండేసి ఇరుసులు.

కేకే_లైన్_అరకు
నాది కొత్తవలస-కిరండూల్ లైను ప్రాంతం. మీ ప్రశ్నకు మా ఘాట్లు చూస్తే ఇంకా బాగా అర్థమవుద్ది. మూడిరుసుల బోగీ పొడుగ్గా ఉంటాది, వంకలో నడిమి ఇరుసు ఒకవైపు, కొస ఇరుసులు ఇంకోవైపు పట్టాను రుద్దుకుంటాయి. చక్రం అంచు అరుగుద్ది, పట్టా కూడా అరుగుద్ది. రెండిరుసుల బోగీ చిన్నది, వంక సులువుగా తిరుగుద్ది.

ఇనుప ఖనిజం లాగడానికి 1987-88ల్లో మా వైపు వాగ్-6 ఇంజిన్లు తెచ్చారు, ఆరు వేల హార్స్ పవర్. మొత్తం 18. స్వీడన్ ఏఎస్ఈఏ కంపెనీ వాళ్లవి ఆరు, జపాన్ హిటాచీవి రెండు రకాలు, ఆరేసి. వాటిలో రెండు రకాలకు ఒక్క పెట్టె కిందే రెండిరుసుల బోగీలు మూడు. మూడో రకానికి మూడిరుసుల బోగీలు రెండు. ఒకే లైనులో రెండు పద్ధతులూ నడిపి చూశారన్నమాట. మళ్లీ కొనలేదు గానీ ఆ ఇంజిన్లంటే మా వోళ్లకి చాలా ఇష్టం.

పాతబండ్ల_ప్రేమికుడు
మూడు చిన్న బోగీల పద్ధతి మిగతా దేశాల్లో బాగా నిలబడింది. జపాన్‌లో 1960లో వచ్చిన ఈఎఫ్60 నుంచి ఈఎఫ్ వరుస ఇంజిన్లన్నీ దాదాపు అదే. 1968లో వచ్చిన ఈఎఫ్66 అలాంటిదే, 3900 కిలోవాట్లు. స్విస్ వాళ్ల ఆర్‌ఈ 6/6 కూడా అంతే, 120 టన్నుల ఇంజిన్‌లో 7850 కిలోవాట్లు, 1972 నాటికి! గోథార్డ్ వంకల కోసమే ఆ మూడు బోగీలు. ఇక రష్యావాళ్లు వీఎల్80 కాలం నుంచీ ఎక్కువగా రెండు పెట్టెలు, ఎనిమిది ఇరుసులే. మన వాగ్-12 ఆ దారిలోదే.

బెజవాడ_బండి
మధేపురాలో తయారయ్యే ఈ వాగ్-12 మంచిదే, కాదనను. కానీ రెండు వాగ్-9లు జోడిస్తే 246 టన్నుల బరువు, 94 టన్నుల లాగుడు, 12 వేలకు పైన హార్స్ పవర్. వాగ్-12 కంటే 22 టన్నులు ఎక్కువ లాగుతాయి. అవసరం లేనప్పుడు విడదీసి రెండు బండ్లకు వాడుకోవచ్చు. మరి కొత్తది ఎందుకు?

పాత_లోకో_పైలట్
బెజవాడ తమ్ముడూ, 94 టన్నులు ఒక్క కొసన పెట్టి గుంజితే ముందు తెగేది కప్లింగ్. బండి విడిపోయి సెక్షన్ మధ్యల నిలబడ్డదంటే ఆ రాత్రి ఎవ్వరికీ నిద్రుండదు. అందుకే పెద్ద ఎక్కుళ్లల్ల రెండో ఇంజిన్‌ను వెనక పెట్టి నెట్టిస్తరు, బ్యాంకర్ అంటం. అట్లయితే భారం రెండు దిక్కుల పంచుకుంటది.

వాగ్-12 లాభం కదిలినంక తెలుస్తది. 9000 కిలోవాట్లను 706తోటి భాగించుండ్రి, పాలమూరు అబ్బాయి పద్ధతిల. గంటకు 46 కిలోమీటర్ల దాకా మొత్తం లాగుడు అట్లనే ఉంటది. ఎనిమిది ఇరుసులు, ఎనిమిది మోటార్లు. జోడు వాగ్-9లకు పన్నెండు ఇరుసులు, పన్నెండు మోటార్లు చూసుకోవాలె.

బెజవాడ_బండి
కప్లింగ్ మాట ఒప్పుకుంటాను సార్. విడదీసి వాడుకునే సౌకర్యం మాట మాత్రం వదలను. మన సెక్షన్లలో ప్రతి బండీ కొండ ఎక్కేది కాదు.

షెడ్డు_మనిషి
అది గూడ న్యాయమే. ఒకటి షెడ్డుకు వస్తే ఇంకోటి లైన్ల ఉంటది. జంట పెట్టెల ఇంజిన్ వస్తే మొత్తం వస్తది.

జడ్చర్ల_గూడ్స్
మా మహబూబ్‌నగర్ దిక్కు ఈ ముచ్చట పదేండ్ల కింద ఎవ్వరు పెట్టకపోతుండిరి. ఒకప్పుడు మీటర్ గేజ్, తర్వాత పెద్ద లైను, అది గూడ డీజిలే. 2023 ఏప్రిల్‌ల సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ డబుల్ లైను, కరెంటు లైను జాతికి అంకితం చేసిండ్రు. ఇప్పుడు షాద్‌నగర్, జడ్చర్ల మీదికెళ్లి వాగ్-9 పోతుంటే చూస్తున్నం. మీరు రాసింది చదివి ఇగ కింద బోగీ గూడ చూస్తా. వాగ్-5, వాగ్-9 పక్క నుంచి ఎట్ల గుర్తుపట్టాలె?

షెడ్డు_మనిషి
ఇరుసుల మధ్య దూరం చూడు. సమానంగ లేకపోతే ట్రైమౌంట్. వాగ్-9కు పెట్టె కింద బోగీ పక్కన నిలువు కాయిల్ స్ప్రింగులు జంటలుగ కనిపిస్తయి. వాప్-7 ప్యాసింజర్ ఇంజిన్ కింద గూడ దాదాపు అదే బోగీ. తేడా పళ్లచక్రాలల్ల. వాగ్-9కు 77 పళ్లకు 15, వాప్-7కు 72కు 20. అందుకే ఒకటి లాగుతది, ఒకటి ఉరుకుతది. ప్లాట్‌ఫారం చివర నిలబడి చూడు గాని పట్టాల మీదికి దిగకు.

మిర్యాలగూడ_మిల్లు
బీబీనగర్-గుంటూరు లైను డబుల్ చేయనీకి 2023ల మంజూరు ఇచ్చిండ్రు. అది పూర్తయితే ఒక గూడ్సు జారినా ఇంకో దిక్కు బండ్లు నడుస్తయి కదా?

పాత_లోకో_పైలట్
ఎదురొచ్చే బండ్లు నడుస్తయి. వెనకొచ్చేవి మాత్రం ఎదురుచూడవలసిందే, లేదంటే రెండో లైను మీదికి మళ్లించాలె. అయినా ఇప్పటికంటే మస్తు మేలు.

పాలమూరు_కుర్రోడు
ఒక ప్రశ్న నాది గూడ. దాహోద్‌ల సీమెన్స్ వాళ్లతోటి కట్టే 9000 హార్స్ పవర్ ఇంజిన్ 2025 మే నెలల బయటికొచ్చింది. దానికి మళ్ల మూడిరుసుల బోగీలు రెండే. ఆరిరుసులకు 54 టన్నుల లాగుడు మించదని నేనే లెక్క కట్టిన. మరి 9000 ఏం చేసుకుంటరు?

గద్వాల_రేవతి
నీ లెక్కే ముందుకు నడిపించు. 9000 హార్స్ పవర్ అంటే 6700 కిలోవాట్లు. 54 టన్నులు అంటే 530 కిలోన్యూటన్లు. భాగిస్తే సెకనుకు 12.6 మీటర్లు, గంటకు 45 కిలోమీటర్లు. వాగ్-9 35 దగ్గర పట్టు వదిలి పవర్ హద్దులోకి వస్తుంది, ఇది 45 దాకా నిలబడుతుంది. అదే బరువు బండిని ఎక్కుడు మీద వేగంగా తీసుకుపోవడానికి ఆ పవర్. దాని గరిష్ఠ వేగం కూడా 120. కదిలించే బలం కోసం కాదు, కదిలాక సెక్షన్ తొందరగా ఖాళీ చేయడానికి.

మిర్యాలగూడ_మిల్లు
ఇగో, ఇది మాకు కావాల్సింది.

దామరచర్ల_గేటు
అందరికీ మస్తు థ్యాంక్స్. ఒక్కటే మిగిలింది సార్. ఆ రోజు చక్రం ముందల ఇసుక పడుతుంటే చూసిన. ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదా?

పాత_లోకో_పైలట్
కాదు బాబూ. ఇసుక పొడిగ ఉండాలె, సన్న ధార ఉండాలె, చక్రం కిందికే పడాలె. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు ఇసుక వేసుడు తప్పు, ఒక్కసారి పట్టు దొరికితే పళ్లచక్రాల మీద పెద్ద దెబ్బ పడుతది. ముందు నాచులు దించి, జారుడు ఆగినంక ఇసుక వేసి, నిదానంగ మళ్ల ఎక్కించాలె. మరీ ఎక్కువ పోస్తే చక్రానికి పట్టాకు మధ్య ఇసుక పొర ఏర్పడి సిగ్నల్ సర్క్యూట్‌కు బండి ఉన్నట్టే తెలియకపోవచ్చు. ఇంకో పద్ధతి గూడ ఉన్నది. సమ జాగ అయితే బండిని కొంచెం వెనక్కి నెట్టి కప్లింగులు వదులు చేసుకోవాలె. అప్పుడు వ్యాగన్లు ఒకటి తర్వాత ఒకటి కదులుతయి, మొత్తం బరువు ఒక్కసారి మీద పడదు. ఎక్కుడు మీద మాత్రం బ్రేకు ఎప్పుడు వదలాలె, లాగుడు ఎప్పుడు ఇవ్వాలె అన్నది చేతికి తెలవాలె. ఏ వాగ్ అయినా సరే.